ట్యాంకర్ నీళ్ళకు మేం రాసుకున్న రాజ్యాంగం

ఆ ఏడు మా పల్లెలో బోరు ఫిబ్రవరికే ఎండిపోయింది. కాలవకి నీళ్ళు అంతకుముందే కట్టేశారు. పంచాయతీ వాళ్ళు రోజు మార్చి రోజు ఒక ట్యాంకర్ పంపేవాళ్ళు. పల్లె మొత్తానికి అదొక్కటే. దాని దగ్గర మొదలైన తగువు, చివరికి పల్లె బయట బీడులో గుడారాలు వేసుకున్న మిరపకోత కూలీలకు ఆ నీళ్ళలో వాటా ఉందా లేదా అన్నదగ్గరికి వచ్చింది. అది తేల్చాల్సిన రోజున, ఎత్తిన చేతులు లెక్కపెట్టి గోడ మీద రాసే పని నాది. అప్పటికే నేను బాగా అలిసిపోయి ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నా ముందు ఆ అలసటే గుర్తొస్తుంది, ఎవరేమన్నారో తర్వాత గుర్తొస్తుంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవళ్ళు పుట్టాక. సత్తెనపల్లి నుంచి ఒక రిటైరైన టీచరమ్మ ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వచ్చి మా చర్చి వరండాలో పాఠం చెప్పేది. సాయిబులావిడ చర్చిలో పాఠం చెప్పడమేందని మొదట్లో కొందరు గొణిగారు. పాస్టరు గారే లోపలినించి కుర్చీ తెచ్చి వేసేసరికి ఊరుకున్నారు. నేను వెళ్ళింది పాటల పుస్తకం కోసం. అన్నాళ్ళూ దాన్ని చేతిలో పట్టుకుని, పక్కవాళ్ళ పెదాలు చూసి పాడేదాన్ని. ఆ బాధ తప్పితే చాలనుకున్నాను.

వారమంతా మిరపకాయల కల్లంలో తొడిమలు తీసే పని. సాయంత్రానికి వేళ్ళు కొసల్లో మండుతుంటాయి. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట చర్మంలోనే ఉంటుంది. ఆ చేత్తో బలపం పట్టుకుంటే మొదట్లో బలపం కూడా మండుతున్నట్టే ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంత తిని, నడుం వాల్చాల్సిన వేళకి పలక పట్టుకుని వరండాలో కూర్చునేవాళ్ళం. సగంమంది గోడకి ఆనుకుని కునికేవాళ్ళు. టీచరమ్మ కూడా ఒక్కోసారి మేం రాసుకుంటుంటే కుర్చీలో కళ్ళు మూసుకునేది. ఆవిడ మోకాళ్ళకి నొప్పులు. బస్సు మెట్లు ఎక్కడానికే ఆవిడకి ఇద్దరి సాయం కావాలి. మేం లేపేవాళ్ళం కాదు.

మా వాచకంలో చివరి పాఠం రాజ్యాంగం. బాగా విసుగ్గా ఉండే పాఠం. పొడుగు మాటలు, ఊపిరి ఆడనివ్వని వాక్యాలు. రెండు వారాలు కుస్తీ పట్టాక టీచరమ్మ పుస్తకం మూసేసి నోటితో చెప్పడం మొదలుపెట్టింది.

"తెల్లవాళ్ళు ఉన్నప్పుడు మనకి చట్టాలు వాళ్ళే రాసి పంపేవాళ్ళు. వాళ్ళు పోతారని తేలాక, మన దేశం ఎట్టా నడవాలో మనమే రాసుకోవాలి గదా. అందుకని అన్ని ప్రాంతాల నుంచీ మనుషుల్ని ఎన్నుకుని ఢిల్లీలో కూర్చోబెట్టారు. ఇంచుమించు మూడేళ్ళు కూర్చున్నారు. ఒక్కో మాట మీద రోజుల తరబడి వాదించుకున్నారు. ఆఖరికి రాసింది చేత్తో అందంగా దించి, అందరూ సంతకాలు పెట్టారు."

"నీలం కోటాయనేగా రాసింది?" అంది మా తోటికోడలు. మా పల్లె మొదట్లో ఆయన బొమ్మ ఉంది, పుస్తకం పట్టుకుని వేలు చూపిస్తూ.

"ముసాయిదా రాసే కమిటీకి ఆయన పెద్ద. మోసింది ఎక్కువ ఆయనే. కానీ మాట్లాడింది చానామంది."

"మూడేళ్ళా? ఆడోళ్ళు ఉంటే మూడు రోజుల్లో తేల్చేవాళ్ళు."

"కొద్దిమంది ఉన్నారమ్మా ఆడవాళ్ళు కూడా."

"అదీ సంగతి. కొద్దిమందే ఉండబట్టి మూడేళ్ళు పట్టింది."

అందరూ నవ్వారు. మా తోటికోడలు నవ్వదు, నవ్విస్తుంది. ఆమె నాకంటే పెద్దది, నా భర్త అన్న భార్య. నా భర్త పోయాక వాళ్ళ ఇంటి గోడ పక్కనే నా గది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను ఏమే అంటుంది. మా బావగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టారు. ఆయన్ని కడగడం, బట్టలు మార్చడం, అన్నం పెట్టడం అంతా ఆమే. అయినా ఒక్క ఆదివారం మానకుండా పాఠానికి వచ్చేది. ఇంట్లోంచి కాసేపు బయటపడటానికి అది ఒక్కటే సాకు అనేది.

టీచరమ్మ రాజ్యాంగం మొదటి మాట చెప్పింది. దాన్ని రాసినవాళ్ళు 'ప్రభుత్వమైన మేము' అని గానీ 'పెద్దలమైన మేము' అని గానీ మొదలుపెట్టలేదంట. భారత ప్రజలమైన మేము అని మొదలుపెట్టారంట.

మా అక్క పలక పక్కన పెట్టింది. "టీచరమ్మా, ఒక మాట అడుగుతా. అప్పుడు మా అమ్మ ఉంది, మా నాయనమ్మ ఉంది. వాళ్ళనెవరూ పిలవలా, అడగలా. మరి మేము అని ఎట్టా రాశారు?"

టీచరమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ముసాయిదా అచ్చేసి జనం ముందు పెట్టారమ్మా, ఏమన్నా చెప్పుకోండని. చదువొచ్చినవాళ్ళు ఉత్తరాలు రాశారు."

"చదువొచ్చినోళ్ళు," అంది మా అక్క. పలక మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

ఇక ట్యాంకర్ సంగతి. డ్రైవరు చెట్టు కింద బండి ఆపి పైపు వదిలేవాడు. ఎవరి చేతికి అందితే వాళ్ళది. పోట్లాటలో సగం నీళ్ళు నేలపాలు. బిందెలు సొట్టలు పోయాయి, ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆలస్యంగా ట్యాంకర్ వచ్చింది. టీచరమ్మ వరండాలో ఒక్కతే కూర్చుని మా కొట్లాట అంతా చూసింది. మేం తడిసి, రొప్పుతూ పాఠానికి వచ్చాక, "ఇవాళ పాఠం వద్దు. ఆ నీళ్ళకి ఒక రాజ్యాంగం రాసుకోండి. నాకూ చెప్పే ఓపిక లేదు," అంది.

సరదాకి మొదలైంది. తర్వాత సరదా పోయింది.

నీళ్ళు ఏ లెక్కన పంచాలి? మా పల్లెలో ఏది పంచినా పొయ్యి లెక్క. చర్చి పండక్కి వేట కోస్తే మాంసం పొయ్యికి ఒక కుప్ప. చావు ఇంటికి కట్టెలు పొయ్యికి ఒక మోపు. మా అమ్మల కాలం నుంచీ అంతే, ఎవరూ తగువు పడలేదు. అందుకని ఆలోచించకుండా పొయ్యికి ఇన్ని బిందెలని రాసేశాం. ఎక్కడ రాయాలంటే, కాగితం మీద వద్దన్నారు. ఎండిన బోరు పక్కన మోటారు గది ఉంది. దాని గోడకి సున్నం కొట్టి, నీలిరంగుతో నన్ను రాయమన్నారు. నా అక్షరాలు పెద్దవి, గుండ్రంగా ఉంటాయి. చిన్నగా రాయడం నాకు ఇప్పటికీ రాదు.

వారం తిరక్కుండానే పల్లెలో ఎక్కడ చూసినా పొయ్యిలు. అత్తా కోడళ్ళు ఒకే ఇంట్లో వేరు పడ్డారు. అరుగు మీద మూడు రాళ్ళు, పెరట్లో మూడు రాళ్ళు, మేకల దొడ్లో మూడు రాళ్ళు. అడిగితే, "మా చిన్నోడు వేరుగా వండుకుంటున్నాడు" అని ఒకావిడ. ఆ చిన్నోడికి అన్నం గిన్నె ఎక్కడుంటుందో కూడా తెలియదు. మాంసం ఏడాదికి ఒకసారి, దానికోసం ఎవరూ వేరు కాపురం పెట్టరు. నీళ్ళు రోజూ కావాలి. ఆ తేడా మాలో ఒక్కరికీ తట్టలేదు.

మళ్ళీ కూర్చున్నాం. మనిషి లెక్కన అన్నాం. అప్పుడు గుంటూరు హాస్టళ్ళలో చదివే పిల్లలు, హైదరాబాదులో మేస్త్రి పనికి పోయిన మొగుళ్ళు, అందరూ లెక్కలోకి వచ్చేశారు. మూడోసారి కూర్చున్నాం. ట్యాంకర్ వచ్చిన రోజు ఇక్కడ ఎవరు అన్నం తింటే వాళ్ళ లెక్క అని తేల్చాం. చుట్టం వస్తే చుట్టానికీ వాటా, ఊరికి పోయిన కొడుక్కి లేదు. అది నిలబడింది.

ఇంత తిప్పలు పడ్డాక, మార్చడం అంత తేలిగ్గా ఉండకూడదని టీచరమ్మ చెప్పింది. దేశానికి కూడా అట్టాగే అంట. మామూలు చట్టానికి సగం మంది కంటే ఒకరు ఎక్కువైతే చాలు, రాజ్యాంగం మార్చాలంటే అంతకంటే ఎక్కువ బలం కావాలి. మేం మూడొంతుల్లో రెండొంతుల చేతులు లేవాలని రాసుకున్నాం. రూలు చేసేది మా ఆదివారం సభ. దాని ప్రకారం పైపు పట్టి పోసేది వారానికి ఒక మనిషి, వంతుల వారీగా. తగువొస్తే తీర్చేది ముగ్గురు ముసలమ్మలు. పైపు పట్టినవాళ్ళు తగువు తీర్చకూడదు, తగువు తీర్చేవాళ్ళు పైపు ముట్టకూడదు.

"ఢిల్లీలోనూ ఇంతే," అంది టీచరమ్మ. "చట్టం చేసే పార్లమెంటు, నడిపే ప్రభుత్వం, తప్పొప్పులు చూసే కోర్టు. మూడూ ఒకరి చేతిలోకి పోకూడదు."

"ఆ మూడు చోట్లా ఒకే ఇంటోళ్ళుంటే?" అంది మా అక్క.

"అదేనమ్మా భయం."

ఇంకొకటి కూడా చెప్పింది. రెండొంతుల చేతులు లేచినా మార్చకూడనివి కొన్ని ఉంటాయంట. పార్లమెంటు రాజ్యాంగాన్ని మార్చుకోవచ్చు, కానీ దాని మూల స్వరూపాన్ని పడగొట్టకూడదని పెద్ద కోర్టు తీర్పు ఇచ్చిందంట. అట్టాగని పుస్తకంలో రాసి లేదు, జడ్జీలు కూడా అందరూ ఒక్క మాట మీద లేరు. మనలో నాపరాళ్ళ మిద్దెలు లేవా, పైన పరిచిన రాయి పగిలితే రాయి మార్చుకుంటాం, దూలం మాత్రం లాగం అని పోల్చింది.

"దూలం లాగితే మా ఆయన నెత్తిన పడుద్దా టీచరమ్మా?" అని వెనకనుంచి ఒకావిడ. "అయితే ఒక పట్టు పడదాం."

మా దూలం ఏంది అని అడిగింది టీచరమ్మ. నేనే అన్నాను, ఇక్కడ అన్నం వండుకునేవాళ్ళు ఎవరూ నీళ్ళు లేకుండా ఉండకూడదు అని. అందరూ సరే అన్నారు. ఎవరూ కాదనలేని మాట కాబట్టి సరే అన్నారు. దాన్ని గోడ మీద అన్నిటికంటే పైన రాశాను. దానికి చేతులెత్తే పని లేదని, ఎప్పటికీ మార్చకూడదని ఒప్పుకున్నాం.

మిరపకోతకి కర్నూలు వైపు నుంచి కూలీలు ఏటా వస్తారు. ట్రాక్టర్ ట్రక్కులో గిన్నెలు, కోళ్ళు, పిల్లలు అన్నీ వేసుకుని వచ్చి, బీడులో పట్టాలు కట్టుకుని, కాయ అయిపోయేదాకా ఉంటారు. మాకు వాళ్ళతో పొత్తు లేదు, తగువు లేదు. రైతుకి వాళ్ళు కోసి ఇస్తారు, మేం ఆరిన కాయకి తొడిమ తీస్తాం. ఆ ఏడు వాళ్ళకి నీళ్ళు పోసే రైతు బోరు కూడా ఎండిపోయింది.

ఒక సాయంత్రం కల్లం నుంచి వస్తూ కాలవ అడుగున మిగిలిన గుంట దగ్గర ఒక చిన్నపిల్లని చూశాను. దోసిలితో తాగుతోంది. ఆ గుంటలోనే రైతులు పురుగుమందు కొట్టిన స్ప్రేయర్లు కడుగుతారు. నీళ్ళ మీద రంగులు రంగులుగా తెట్టు. వాళ్ళమ్మ పక్కనే బిందె ముంచుతోంది.

"ఆ నీళ్ళు తాగనియ్యమాక. మందు నీళ్ళవి," అన్నాను.

ఆమె బిందె ముంచడం ఆపలేదు. "మరి యాడ తాగల్ల? సెప్పు."

రెండు రోజులకి ఆ పిల్లకి వాంతులు పట్టుకున్నాయి. ఆటోలో సత్తెనపల్లి తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించుకుని వచ్చారు. ఆ సంగతి తెలిశాక నేనే గుడారాల దగ్గరికి వెళ్ళి, ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెలు తెచ్చుకోమని చెప్పాను. మా గోడ మీద రాసుంది ఇక్కడ అన్నం వండుకునేవాళ్ళకని. వాళ్ళూ ఇక్కడే వండుకుంటున్నారు. నాకు అందులో ఆలోచించాల్సింది ఏమీ కనపడలేదు.

వాళ్ళు వచ్చి వరస చివర నిలబడ్డారు. మొదటిసారి అందరికీ సరిపోయింది. రెండోసారి ట్యాంకరే తక్కువ నీళ్ళతో వచ్చింది. మా అక్క వంతు వచ్చేసరికి నీళ్ళు అయిపోవచ్చాయి, ఆమెకి సగమే పడింది. గుడారాలవాళ్ళకి అసలు లేవు. తక్కువ తెచ్చింది డ్రైవరు, కానీ డ్రైవరు వెళ్ళిపోయాడు. ఎదురుగా ఉన్నది వాళ్ళు.

ఆ సాయంత్రం మా అక్క నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"ఏమే, ఊళ్ళోవాళ్ళందరినీ పిలుచుకురా. ఇంకా ఎవరన్నా మిగిలారేమో చూడు."

"వాళ్ళకి ఇవాళ చుక్క పళ్ళేదు అక్కా. పోయినసారి తాగేదానికి పట్టుకున్నారు, అంతే."

"మీ బావ పక్క తడుపుకున్నాడు. పొద్దున్నించీ అట్టానే ఉన్నాడు. నీళ్ళు దాచిపెట్టి గుడ్డతో తుడిచా. అది నీకు కనపడదా?"

"కనపడుద్ది."

"కనపడితే వచ్చే ఆదివారం రాయి. పల్లెలో సొంత ఇల్లు ఉన్నవాళ్ళకే అని. చేతులు నేను ఎత్తిస్తా."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. గోడ అవతల మా బావగారి వాసన నాకూ వస్తూనే ఉంది. ఆ పిల్ల తాగిన గుంటా నా కళ్ళ ముందు ఉంది. రెండూ నిజమే అయినప్పుడు మనిషికి ఓపిక పోతుంది. ఆ వారం కల్లంలో తొడిమలు తీస్తూ కూర్చున్నచోటే నిద్రపోయాను. పక్కామె మోచేత్తో పొడిచి లేపింది.

ఆదివారం వరండా నిండిపోయింది. పాఠానికి ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. మా అక్క లేచి చెప్పింది, సొంత ఇల్లు ఉన్నవాళ్ళకే నీళ్ళు అని. ఎత్తండి అనకముందే చేతులు లేచాయి. లెక్కపెట్టక్కర్లేదు, రెండొంతులు దాటినట్టు చూస్తేనే తెలుస్తోంది.

"రాయవే," అంది.

"పై లైను మార్చకూడదని ఒప్పుకున్నాం గదా," అన్నాను.

"ఎవరు మార్చమన్నారు? అదట్టానే ఉండనీ. కింద ఇంకో లైను రాయి."

"కింద ఇది రాస్తే పైది ఉండి ఏం లాభం?"

"పైన నువ్వు రాసేటప్పుడు వీళ్ళు ఎవరి మనసులో ఉన్నారు? మనం మన గురించి రాసుకున్నాం."

అందరూ టీచరమ్మ వైపు తిరిగారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నేను ఇక్కడ అన్నం తినేదాన్ని కాదు. నాకు ఇందులో చెయ్యి లేదు." ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు చెప్పి, ఇప్పుడు పక్కకి తప్పుకుంటుందేందని. తర్వాత చాలా రోజులకి ఆ కోపం పోయింది.

తగువు తీర్చే ముసలమ్మల్ని అడిగాను. ముగ్గురిలో పెద్దావిడకి చెవులు సరిగా వినపడవు. సంగతంతా చెవిలో గట్టిగా చెప్పించుకుని, ఆవిడ ఒకటే అడిగింది.

"ఆ మనిషి ఏదీ?"

"ఎవరు అవ్వా?"

"మీరు తీసేద్దామంటున్న మనిషి. ఎదురుగా లేకుండా తీర్పేంది? కోడి దొంగనైనా పిలిచి అడుగుతారు గదా."

అది మా పల్లెలో పాత పద్ధతి. పాస్టరు ముందైనా, పెద్దమనుషుల ముందైనా, ఒకళ్ళ మీద మాట అనాలంటే ఆ మనిషి అక్కడ ఉండాలి. దేశంలో కోర్టు కూడా అవతలివాళ్ళ మాట వినకుండా తీర్పు చెప్పకూడదని టీచరమ్మ ఒకప్పుడు చెప్పింది. చెప్పినప్పుడు మాకు అది కొత్తగా అనిపించలేదు. తీరా మన దగ్గరికి వచ్చేసరికి అందరం మర్చిపోయాం.

ఒకరు వెళ్ళి ఆ పిల్ల తల్లిని పిలుచుకొచ్చారు. ఆమె మెట్ల దగ్గరే ఆగింది. పిల్ల చంకలో ఉంది, ఇంకా తోటకూర కాడలా వాడిపోయి ఉంది. పైకి వచ్చి కూర్చోమంటే ఆమె కూర్చోలేదు.

మా అక్కే అడిగింది. ఆమె ఎవరినీ అడగమని పంపే రకం కాదు.

"మీ ఊళ్ళో నీళ్ళు లేవా?"

"ఉండాయి. మా ఇంటికాడికి ట్యాంకర్ వస్తాది. ఇల్లు తాళం ఏసినాం, నీల్లు ఎవురు పట్టుకుంటారు?"

"మరి ఆడే ఉండొచ్చుగా."

"కూలి ల్యాకుండా నీల్లు తాగి బతకల్లనా?"

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఎన్ని బిందెలు కావాల?"

"తాగేదానికి, వండేదానికి. గుడ్డలు గుంటకాడ ఉతుక్కుంటాం. మేము మీ నీల్లకి రాలేదమ్మా. ఈయక్క రమ్మనింది, వచ్చినాం. వద్దంటే రాము. సెప్పేదేదో మాకే సెప్పండి, నిలబడే ఉండా."

బతిమాలలేదు. ఏడవలేదు. పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. అంతే.

"మళ్ళీ ఎత్తండి," అన్నాను. "ఈమెకి ఇవ్వొద్దనేవాళ్ళు."

మా అక్క చెయ్యి లేచింది. తల దించుకోలేదు, ఆమె కళ్ళలోకి చూస్తూనే ఎత్తింది. ఇంకా కొన్ని చేతులు లేచాయి. ఇందాక లేచిన మిగతావి లేవలేదు. కొందరు పైట సర్దుకున్నారు, కొందరు పక్కవాళ్ళ వైపు చూశారు. ఎత్తిన ఒకావిడ మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకుంది. రెండొంతులు కాదు గదా, ఒక వంతు కూడా లేవు. మా అక్క చుట్టూ చూసింది. తర్వాత కూడా చాలాసేపు చెయ్యి దించలేదు.

నాకు సంతోషం కలగలేదు. రంగు డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రాత్రి గోడ అవతల బావగారికి ఆమె అన్నం కలిపి పెడుతున్న చప్పుడు వినపడింది. నన్ను పిలవలేదు. నేనూ వెళ్ళలేదు.

ఆ వారం పైపు పట్టే వంతు మా అక్కదే. ఆమె రాదని, వేరే ఎవరినన్నా చూసుకోమని నాకు నలుగురు చెప్పారు. ట్యాంకర్ హారన్ వినపడేసరికి ఆమె చెట్టు కింద ఉంది. కొంగు నడుముకి దోపుకుని, పైపు చేతికి తీసుకుంది.

పైపు పట్టినవాళ్ళు తమ ఇంటికి అందరికంటే ఆఖర్న పట్టుకోవాలన్నది కూడా మేం రాసుకున్నదే. ఎవరికీ తక్కువ పోయలేదు, ఎక్కువ పోయలేదు. వరస చివరికి గుడారాల బిందెలు వచ్చాయి. ఆ కర్నూలు ఆమె బిందె పెట్టి వెనక్కి జరిగింది. మా అక్క ఆమె మొహం చూడలేదు. బిందె మెడదాకా నింపింది, అందరికీ ఎట్టా నింపిందో అట్టాగే. తర్వాతది. తర్వాతది. "జరగండి, జరగండి, తడుస్తారు," అంది.

తన డ్రమ్ము పెట్టేసరికి ధార సన్నబడింది. డ్రైవరు పైకెక్కి లోపలికి తొంగి చూసి, పైపు రెండుసార్లు విదిలించాడు. "అయిపోయినయ్ అమ్మా."

డ్రమ్ము సగానికి కొంచెం పైన ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెను చూడకుండా బిందెలు ఎత్తుకున్నారు. ఆమె పైపు చుట్టి డ్రైవరుకి ఇచ్చి, డ్రమ్ము అంచు పట్టుకుంది. నేను రెండో అంచు పట్టుకున్నాను. వద్దనలేదు. ఇద్దరం ఎత్తలేక, నాలుగడుగులకి ఒకసారి దింపుతూ నడిచాం. మా వయసుకి ఆ బరువు ఎక్కువే. నా దగ్గర ఉన్న బిందె నీళ్ళు పోస్తానంటే ఒప్పుకోలేదు.

గుమ్మం దగ్గర దింపాక ఆమె నడుం పట్టుకుని నిలబడింది. "వచ్చే ఆదివారం నేనొక లైను రాయిస్తా," అంది. "మంచాన పడ్డోళ్ళున్న ఇంటికి రెండు బిందెలు ఎక్కువ. ముందు ఆళ్ళకి పోశాకే మిగతా వరస. చెయ్యెత్తుతావా?"

"ఎత్తుతా."

"ఊరికే అనమాక. రెండొంతులు కావాల."

"తెలుసు."

లోపల బావగారు ఏదో అన్నారు, మాట అర్థం కాలేదు. ఆమె వస్తున్నా అంది. చెంబు ముంచుకుని, గడపలో మళ్ళీ ఆగింది.

"గుడారాలోళ్ళు కూడా ఎత్తుతారా?"

"ఆళ్ళూ ఇక్కడే తింటున్నారుగా. అడుగు."

"నేనడగను," అంది. "నువ్వడుగు."

చీకటి పడకముందే గుడారాల దాకా పోయి రావాలి. ఒళ్ళంతా నొప్పులు. నా గదిలో కాసేపు గోడకి ఆనుకుని కూర్చుని, తర్వాత లేచి చెప్పులు వేసుకున్నాను.